‘తగిలింది’ అన్న సాక్షి చేత ‘గుద్దింది’ అనిపిస్తున్నాం

సంపాదకులు గారికి,

నమస్కారం. నాది నల్లగొండ. 1984లో కోర్టు టైపిస్టుగా చేరి 2015లో పదవీ విరమణ చేశాను. 31 ఏళ్లు సాక్షులు చెప్పిన మాటలను కాగితం మీదికి ఎక్కించడమే నా పని. గత నెల మీ జిల్లా పేజీలో పక్కపక్కనే వచ్చిన రెండు వార్తలు చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మొదటిది గొలుసు దొంగతనం వార్త. పట్టుబడిన కుర్రవాడి ముఖం చెంప మీద మచ్చతో సహా కనిపించేంత పెద్ద ఫొటో వేశారు. గుర్తింపు పరేడ్ ఇంకా జరగాల్సి ఉందని అదే వార్త చివరి వాక్యంలో ఉంది. గొలుసు పోగొట్టుకున్న ఆవిడ మరో పది పదిహేను రోజుల్లో జైలుకు వెళ్లి, వరుసలో నిలబడ్డ మనుషుల్లోంచి ఒకరిని వేలు పెట్టి చూపించాలి. ఈలోపు మీ పత్రిక ఆమె ఇంటికి చేరే ఉంటుంది. ఆ రోజు ఆమె వేలు చూపించేది సందె చీకట్లో మెడ మీద చెయ్యి వేసిన మనిషినా, పేపర్లో చూసిన మనిషినా? ఈ ప్రశ్నకు ఆమె కూడా జవాబు చెప్పలేదు. ఎంత నిజాయితీపరురాలైనా చెప్పలేదు.

రెండోది హైవే ప్రమాదం వార్త. ‘అతివేగంగా దూసుకొచ్చిన కారు ఢీకొట్టిందని ప్రత్యక్ష సాక్షులు తెలిపారు’ అని రాశారు. ఆ సాక్షులు నిజంగా ‘దూసుకొచ్చింది’ అన్నారా, లేక మీ విలేఖరి కలానికి అలవాటైన మాట అదేనా? తప్పు పట్టడానికి అడగడం లేదు. అదే మాట నా వేళ్లకూ ముప్పై ఏళ్లు అలవాటైంది కాబట్టి అడుగుతున్నాను.

మా మనవరాలు హైదరాబాద్‌లో డిగ్రీలో సైకాలజీ చదువుతోంది. పోయిన వేసవి సెలవులకు వచ్చినప్పుడు, “అమ్మమ్మా, నువ్వు కోర్టులో పనిచేశావు కదా, ఈవిడ గురించి నువ్వు వినాలి” అని నన్ను కూర్చోబెట్టి తన పాఠాన్ని తెలుగులో చెప్పింది. ఆవిడ పేరు ఎలిజబెత్ లాఫ్టస్, మనుషుల జ్ఞాపకాలు ఎలా మారిపోతాయో పరిశోధించిన అమెరికా సైకాలజీ ప్రొఫెసర్. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం కాఫీ తాగాక ఆ పిల్ల చేత కొంచెం కొంచెంగా చదివించుకుని విన్నాను.

లాఫ్టస్ 1944లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. లెక్కలు, మనస్తత్వశాస్త్రం రెండూ చదువుకుని 1970లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్నారు. 1973 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 2002లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి అర్వైన్ ప్రాంగణానికి వెళ్లారు. అక్కడ ఆమె మనస్తత్వశాస్త్రంతో పాటు నేరశాస్త్రానికీ, న్యాయశాస్త్రానికీ ఆచార్యులు. 2004లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు, 2005లో మనస్తత్వశాస్త్రానికిచ్చే గ్రావ్‌మేయర్ అవార్డు అందుకున్నారు, 2016లో జాన్ మాడాక్స్ బహుమతి వచ్చింది. ఈ చివరిది, ఎంత వ్యతిరేకత వచ్చినా సైన్సు మాటను గట్టిగా చెప్పినవారికి ఇచ్చేది. ఆమెకు వ్యతిరేకత తక్కువేమీ రాలేదు, దాని సంగతి తర్వాత రాస్తాను. నిపుణురాలిగా ఆమె సలహా, సాక్ష్యం ఇచ్చిన కేసులు వందల్లో ఉన్నాయి.

నా నిద్ర పోగొట్టింది ఈ బిరుదులు కావు. 1974లో జాన్ పామర్‌తో కలిసి ఆమె చేసిన ఒక చిన్న ప్రయోగం. 45 మంది విద్యార్థులకు కార్లు ఢీకొనే ఫిల్ము ముక్కలు చూపించారు. తర్వాత, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. అందరికీ ఒకే ప్రశ్న, అందులో ఒక్క క్రియ మాత్రమే మారింది. ‘తాకినప్పుడు’ అన్న అర్థం వచ్చే మాటతో అడిగితే సగటున గంటకు 31.8 మైళ్లన్నారు. ‘కొట్టుకున్నప్పుడు’ అంటే 34. ‘నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు’ అనే మాట వాడితే అదే ఫిల్ము చూసినవాళ్లు 40.5 మైళ్లన్నారు. వేగం అంచనా ఎవరికైనా కష్టమే కాబట్టి మాటను బట్టి అంకె అటూ ఇటూ అయిందని సరిపెట్టుకోవచ్చు. అందుకే ఆమె అక్కడ ఆగలేదు. మరో 150 మందికి ఇంకో ఫిల్ము చూపించి, ఇలాగే అడిగి, వారం తర్వాత మళ్లీ పిలిచి, పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగారు. ఫిల్ములో గాజు పగలనే లేదు. ‘కొట్టుకున్నప్పుడు’ అని విన్న 50 మందిలో 7గురు చూశామన్నారు. ‘గుద్దుకున్నప్పుడు’ అని విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఒక్క మాట వారం రోజులు లోపలే ఉండి, లేని గాజును పగలగొట్టింది.

ఇక మన తెలుగులో ఇలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో చూడండి. రాసుకుపోయింది, తాకింది, తగిలింది, కొట్టింది, గుద్దింది, ఢీకొట్టింది, ఎక్కించాడు, తొక్కించాడు. చివరి రెండింటి దగ్గరికి వచ్చేసరికి లారీ పక్కకు తప్పుకుని డ్రైవరు ముందుకు వస్తాడు. ‘లారీ తగిలింది’ అన్నప్పుడు లేని మనిషి ‘లారీ ఎక్కించాడు’ అన్నప్పుడు కర్తగా వచ్చి బోనులో నిలబడతాడు. సాక్షి ఏ మాట వాడాడన్నది ఇంత పెద్ద విషయం. ఆ మాటను మార్చి రాసిన చేతుల్లో నా చేతులూ ఉన్నాయి.

1991లో జిల్లాలోని ఒక కోర్టులో జరిగిన సంగతి చెబుతాను. కోర్టు పేరు, ఊరి పేరు రాయను. ఇప్పుడు 65వ నంబరు అంటున్న హైదరాబాద్–విజయవాడ రహదారిని అప్పట్లో 9వ నంబరు అనేవాళ్లం. రెండు వరుసల రోడ్డు, మధ్యలో డివైడరు లేదు. ఆ రోడ్డు పక్కన చింతచెట్టు కింద బత్తాయిలు రాసులు పోసి అమ్ముకునే పెద్దాయన ఒకరు ప్రమాదం కేసులో సాక్షిగా వచ్చారు. లారీ తగిలి లూనా మీద వెళ్తున్న మనిషి చనిపోయాడు. పెద్దాయన బోనెక్కగానే తలపాగా తీసి చంకలో పెట్టుకున్నారు. ఏం చూశావని సర్కారు వకీలు అడిగితే ఇలా చెప్పారు: “బేరం చేస్తున్నానయ్యా, అటు తిరిగి ఉన్నాను. చప్పుడైతే తిరిగి చూశాను. లారీ వచ్చి బండికి తగిలింది. మనిషి పడి ఉన్నాడు.”

సాక్షి తెలుగులో చెబుతాడు. న్యాయమూర్తి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబుతారు. నేను టైపు కొడతాను, కింద మూడు కార్బన్ కాపీలు. కాగితం మీదికి వచ్చిన వాక్యం ఇది: లారీ అతివేగంగా, అజాగ్రత్తగా వచ్చి లూనాను ఢీకొట్టింది. పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలోనూ అచ్చం అదే వాక్యం. ఆ రోజుల్లో నేను కొట్టిన రోడ్డు ప్రమాదం కేసుల్లో ఆ వాక్యం లేని కేసు ఒక్కటీ గుర్తు లేదు. కీబోర్డు చూడకుండా కొట్టేదాన్ని. అయితే ఆ రోజు ఎందుకో ‘తగిలింది’ అనే మాటకు సరైన ఇంగ్లీషు ఏమిటా అనిపించింది. సాయంత్రం బెంచి గుమాస్తాను అడగాలని, మిషను పక్కన పెట్టుకునే నోట్‌బుక్‌లో ‘తగిలింది – ?’ అని రాసుకున్నాను. అడగలేదు. పని ఒత్తిడిలో పడి మరిచిపోయాను. ఆ న్యాయమూర్తి మంచివారు, ఎవరికీ అన్యాయం చేయాలనుకున్నవారు కారు. ఆ రోజు జాబితా నిండా కేసులే. వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించాలి, సాక్షిది వేరే భాషైతే ఆ భాషలో అర్థం చెప్పాలి. ఆయనకు రెండు ముక్కల్లో చెప్పి “సరేనా?” అన్నారు. “సరే అయ్యా” అని ఆయన వేలిముద్ర వేశారు.

రెండేళ్ల తర్వాత నేను పరిహారం కేసులు వినే కోర్టులో ఉన్నాను. చనిపోయిన మనిషి భార్య, ఇద్దరు పిల్లలు పరిహారం అడుగుతున్నారు. సాక్షిగా మళ్లీ అదే పెద్దాయన, అదే తలపాగా చంకలో. ఈసారి ఆయన ఇలా చెప్పారు: “లారీ రయ్యిమని వచ్చిందయ్యా. దూరం నుంచే చూశాను. హారను కూడా కొట్టలేదు. వచ్చి గుద్దేసింది.” నా చేతులు మిషను మీద ఆగిపోయాయి. న్యాయమూర్తి నా వైపు చూస్తే మళ్లీ మొదలుపెట్టాను.

బీమా కంపెనీ వకీలు పాత వాంగ్మూలం నకలు తీశారు. చప్పుడైతే తిరిగి చూశానన్న మాట అందులో ఉంది. “చప్పుడయ్యాక చూశానని అక్కడ, దూరం నుంచే చూశానని ఇక్కడ. అబద్ధం అప్పుడు చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా? ఎంత ముట్టింది?” అని గద్దించారు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నా చెట్టు కింద ప్రాణం పోయిందయ్యా. దాని మీద నేను పైసా ముడతానా?” అన్నారు. గొంతు వణికింది. భోజన విరామంలో వరండా మెట్ల మీద కూర్చుని ఉంటే నేను మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు పట్టుకునే నన్ను అడిగారు: “అమ్మా, నేను అబద్ధం చెప్పానా?” లేదన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తెలియక లోపలికి వెళ్లిపోయాను.

ఇప్పుడైతే చెప్పగలను. ఆ రెండేళ్లలో ఆయన దగ్గరికి ఎవరెవరు వచ్చి ఉంటారో చూడండి. ఎస్సై వచ్చాడు, అతివేగం అన్నాడు. ఇరుపక్షాల వకీళ్ల గుమాస్తాలు వచ్చారు. చనిపోయిన మనిషి అన్నదమ్ములు వచ్చి ఆ చెట్టు కిందే కూర్చుని, లారీ ఎలా వచ్చి గుద్దిందో ఏడుస్తూ చెప్పుకున్నారు. బత్తాయిలు కొనడానికి ఆగిన ప్రతివాళ్లూ “ఇక్కడే కదా ప్రమాదం జరిగింది?” అని అడిగి ఉంటారు. అడిగిన ప్రతిసారీ ఆయన చెప్పారు, చెప్పిన ప్రతిసారీ అవతలివాళ్ల మాట ఒకటి వచ్చి చేరింది. కొన్నాళ్లకు అది ఆయన కళ్లతో చూసిందే అయిపోయింది. జ్ఞాపకం వికీపీడియా పేజీ లాంటిదని, మనమూ మార్చుకోవచ్చు, ఇతరులూ మార్చవచ్చని లాఫ్టస్ ఒక ఉపన్యాసంలో అన్నారట. మా మనవరాలు ఆ పేజీ ఎలా దిద్దుతారో ఫోనులో చూపించాక నాకు పూర్తిగా అర్థమైంది.

లాఫ్టస్ సొంత జీవితంలోనూ ఇలాంటిది జరిగింది. ఆమెకు పద్నాలుగేళ్ల వయసులో తల్లి ఈతకొలనులో మునిగి చనిపోయారు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత బంధువుల ఇంట్లో ఒక వేడుకలో పెద్దాయన ఒకరు, తల్లి శవాన్ని మొదట చూసింది నువ్వే కదా అన్నారు. అంతవరకు ఆమెకు అలాంటి జ్ఞాపకమే లేదు. ఆ మాట విన్నాక దృశ్యాలు ఒక్కొక్కటే రావడం మొదలయ్యాయి. కొద్ది రోజులకు, పొరపాటు జరిగింది, చూసింది నువ్వు కాదు, వేరే బంధువు అని కబురు వచ్చింది. జ్ఞాపకాల మీద జీవితమంతా పనిచేసిన మనిషికి కన్నతల్లి చావు గురించే లేని దృశ్యం కనిపించినప్పుడు, చెట్టు కింద బత్తాయిలు అమ్ముకునే మనిషిని “ఎంత ముట్టింది?” అని అడగడం ఏం న్యాయం?

కోర్టులో సాక్షికి దొరికేవి రెండే పేర్లు: నిజం చెప్పేవాడు, అబద్ధం చెప్పేవాడు. చట్టం ఇంత మొరటుగా లేదు. 1957లోనే వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు సాక్షులు మూడు రకాలని చెప్పింది: పూర్తిగా నమ్మదగినవారు, బొత్తిగా నమ్మరానివారు, ఈ రెండూ కానివారు. ఈ మూడో రకం సాక్షి మాటకు వేరే ఆధారం తోడుండాలని చెప్పింది. లాఫ్టస్ యాభై ఏళ్లు పనిచేసింది ఈ మూడో వరుసలో నిలబడ్డ మనుషుల గురించే. నిజాయితీగా పొరపడినవాళ్లు వాళ్లు. క్రాస్ పరీక్ష అబద్ధాన్ని బయటకు లాగడానికి పుట్టింది. తాను చెప్పేది నిజమని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి ముందు దానికి పదును ఉండదు.

పొరపాటు ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఆమె స్టీవ్ టైటస్ అనే అతని కథ చెబుతారు. 1980లో సియాటిల్ దగ్గర అత్యాచారం కేసులో, కారు పోలికను బట్టి అతన్ని పట్టుకున్నారు. బాధితురాలికి ఫొటోలు చూపిస్తే ఇతని ముఖమే దగ్గరగా ఉందన్నది. కోర్టుకు వచ్చేసరికి, కచ్చితంగా ఇతనే అన్నది. ‘దగ్గరగా ఉంది’ నుంచి ‘కచ్చితంగా’ వరకు ఆమె ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. ఆమె అబద్ధం చెప్పలేదు. టైటస్ దోషి అని జ్యూరీ తేల్చింది. అసలు నేరస్తుడి జాడ పట్టింది పోలీసులు కాదు, ఒక పత్రికా విలేఖరి. ఆ పరిశోధనకు 1982లో పులిట్జర్ బహుమతి వచ్చింది. టైటస్ విడుదలయ్యాడు గాని అప్పటికే ఉద్యోగం పోయింది, పెళ్లాడాల్సిన అమ్మాయి దూరమైంది. పోలీసుల మీద వేసిన దావా విచారణకు వచ్చే వేళకు గుండెపోటుతో చనిపోయాడు. వయసు 35. సంపాదకులు గారూ, ఫొటో వేసే పత్రికలే కాదు, ఫొటో వెనక నిజం వెతికిన పత్రికలూ ఉన్నాయని చెప్పడానికే ఇది రాశాను.

లాఫ్టస్ చెప్పినవన్నీ నేను తలకెత్తుకోవడం లేదు. చిన్నప్పుడు ఓ దుకాణాల సముదాయంలో తప్పిపోయావని, మన దగ్గరైతే చెరువుగట్టు జాతరలో తప్పిపోయావని అనుకోండి, ఇంటివాళ్లు చెప్పినట్టు నమ్మించి 24 మందిలో 6గురికి లేని జ్ఞాపకాన్ని పూర్తిగానో కొంతగానో కలిగించిన ప్రయోగం ఆమెది. 1995లో ప్రచురించారు. దాని ఆధారంగా, పెద్దయ్యాక బయటపడిన లైంగిక హింస జ్ఞాపకాలను కూడా ఆమె ప్రశ్నించారు. 2020లో న్యూయార్క్‌లో హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ మీద నడిచిన అత్యాచారం కేసులో ముద్దాయి తరఫున సాక్ష్యం చెప్పారు. బాధిత స్త్రీల పక్షాన నిలబడేవారు ఆమెను తీవ్రంగా విమర్శించారు. నేనూ ఆడదాన్ని. పదకొండేళ్ల పిల్ల బోను కర్ర దాటి ముఖం కనిపించక, స్టూలు తెప్పించి నిలబెడితే చెప్పిన వాంగ్మూలాన్ని ఈ చేతులతోనే కొట్టాను. ఏ వారం, ఎన్ని గంటలకు, ఏ రంగు చొక్కా అని అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ పిల్ల తల దించుకుంది. లాఫ్టస్ చదువును అడ్డం పెట్టుకుని అలాంటి పిల్లను ఎవరైనా అబద్ధాలకోరు అంటే ఆ చదువు నాకు అక్కర్లేదు.

కానీ ఆ సైన్సే ఆ పిల్ల వైపు కూడా మాట్లాడుతుంది. మనసు కెమెరా కాదు గనుక చొక్కా రంగు గుర్తులేనంత మాత్రాన జరిగింది జరగనట్టు కాదు. 1983లో భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో మన సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. అది కూడా చిన్నపిల్లల మీద జరిగిన అఘాయిత్యం కేసే. సాక్షికి ఫొటో తీసినట్టు జ్ఞాపకం ఉండాలని కోరకూడదని, జరిగింది మనసు తెర మీద వీడియో టేపులా మళ్లీ తిరగదని, చిన్నచిన్న తేడాలు పట్టుకుని అసలు మాటను కొట్టేయకూడదని తేల్చింది. లాఫ్టస్ ప్రయోగశాలలో చూసిందీ, మన న్యాయమూర్తులు రాసిందీ ఇక్కడ ఒకే చోట కలిశాయి. ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే నేను ఉద్యోగంలో చేరాను. 31 ఏళ్లలో ఒక్క సాక్షికీ ఆ తీర్పు సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇక చేయాల్సిన పని. సాక్షి మొదటి మాటను అతని నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు, అతని తెలుగులోనే, గొంతుతో సహా పట్టుకోవాలి. ఎస్సై మాట, వకీలు మాట, విలేఖరి మాట దాని మీద పడకముందే పట్టుకోవాలి. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. పోలీసుల ముందు సాక్షి చెప్పే మాటలను ఆడియో, వీడియో తీయవచ్చని 2009 చివరి నుంచే చట్టంలో ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ వీలు ఉంచారు. అయితే ఆ సంహితలోనే ఒక తేడా ఉంది. సోదా చేసి వస్తువులు స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో ‘తీయాలి’ అని రాశారు. సాక్షి మాట దగ్గరికి వచ్చేసరికి ‘తీయవచ్చు’ అని రాశారు. ఇంట్లో దొరికిన కత్తికి ఉన్నంత విలువ మనిషి నోటి మాటకు లేకపోయింది. కత్తి బీరువాలో ఏళ్లు పడి ఉన్నా మారదు. మాట వారానికే మారుతుంది, 16 మంది లేని గాజు ముక్కలు చూశారు కదా. ‘తీయవచ్చు’ అన్నదాన్ని ‘తీయాలి’ అన్నట్టుగా పాటించమని మా జిల్లా పోలీసు అధికారులు ఒక ఆదేశం ఇస్తే చాలు. ఇప్పుడు ప్రతి కానిస్టేబులు చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉంది.

కోర్టులోనూ అంతే. సాక్షి చెప్పిన భాషలోనే వీలైనంతవరకు రాసుకోవాలన్నది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నాటి నుంచీ ఉన్న నియమం. నేను పనిచేసిన రోజుల్లో తెలుగు టైపు మిషను దొరకడం కష్టం, కొట్టగలిగినవాళ్లు తక్కువ, అందుకని ఇంగ్లీషులో నడిచిపోయింది. ఇప్పుడు కంప్యూటరులో తెలుగు కొట్టడం మా మనవరాలికి మంచినీళ్లు తాగినంత తేలిక. సాక్షి ‘తగిలింది’ అంటే ‘తగిలింది’ అనే ఉండాలి. దానికి ఇంగ్లీషు ఏమిటన్నది పై కోర్టులో తేల్చుకోవచ్చు.

గుర్తింపు పరేడ్ గురించి కూడా కోపంగానే రాస్తున్నాను. మన పద్ధతి మంచిదే. మేజిస్ట్రేటు ముందు జరగాలి, పోలీసులు అక్కడ ఉండకూడదు, పోలికలున్న వేరేవాళ్లను కలిపి నిలబెట్టాలి. తనకు తెలియకుండానే సాక్షికి సైగ అందే ప్రమాదం ఉంది కాబట్టి వరుస చూపించే అధికారికి అనుమానితుడు ఎవరో తెలియకూడదని అమెరికాలో గ్యారీ వెల్స్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. మన నియమంలో పోలీసులను బయట ఉంచడంలో ఆ జాగ్రత్త కొంత ముందే ఉంది. ఇంత జాగ్రత్తా ఒక్క ఫొటోతో మంటగలిసిపోతుంది. అందుకే కదా పోలీసులు విలేఖరుల ముందుకు తెచ్చేటప్పుడు నిందితుడి ముఖానికి ముసుగు వేసేది? ముసుగు వేయని ఫొటో ఎవరు ఇచ్చినా మీరు వేయకండి. కోర్టులో చివరికి లెక్కకు వచ్చేది పరేడ్ కూడా కాదు, మూడు నాలుగేళ్ల తర్వాత బోనులోంచి చూపించే వేలు. అక్కడ ముద్దాయి స్థానంలో ఒక్క మనిషే ఉంటాడు, పోల్చి చూడటానికి పక్కన మరొకరు ఉండరు. పరేడ్ త్వరగా, శుభ్రంగా జరిగి ఉంటేనే ఆ వేలికి ఏమైనా విలువ. అమెరికాలో డీఎన్ఏ పరీక్షలతో నిర్దోషులుగా బయటపడినవారి కేసుల్లో ఎక్కువ భాగం సాక్షి తప్పుగా గుర్తుపట్టినవేనని తేలింది. మన దగ్గర అలా వెనక్కి తిరిగి లెక్క చూసుకునే అలవాటే లేదు.

న్యాయాధికారులకు, ఎస్సైలకు శిక్షణ ఇచ్చే చోట ఒక్క వారమైనా ఈ జ్ఞాపకశక్తి పాఠం పెట్టాలని హైకోర్టు వారిని, పోలీసు శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఉస్మానియాలో మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది, పాఠం చెప్పేవాళ్లకు కొదవ లేదు. టైపిస్టులను, బెంచి గుమాస్తాలను కూడా ఆ తరగతిలో కూర్చోబెట్టండి. సాక్షి మాట ముందుగా పడేది మా చేతుల్లోనే.

ఆ 1991 నాటి నోట్‌బుక్ నా దగ్గర ఇంకా ఉంది. అట్ట ఊడిపోయింది గాని ‘తగిలింది – ?’ అని రాసుకున్న పేజీ చెక్కుచెదరలేదు. శిక్షణ తరగతిలో చూపిస్తామని ఎవరైనా అడిగితే నేనే పట్టుకుని వస్తాను.

ఇట్లు,
విశ్రాంత కోర్టు టైపిస్టు,
నల్లగొండ
(పేరు ప్రచురించవద్దని మనవి)